తనఖా తీర్చవలసినది వంటయిల్లు కాదు

మన జిల్లాలలో గృహప్రవేశములకు కొదువ లేదు. శ్రీకాకుళమున నాగావళికి ఇరుగట్టులందును, విజయనగరమున కోటకు నలువైపులను, నిన్నటి మడులలో నేడు మేడలు లేచుచున్నవి. మామిడాకుల తోరణములు, పాలు పొంగించుట, బంధువులకు పంక్తిభోజనములు, అంతయు కన్నులపండువే. కాని ఆ వేడుకలో కంటికి కనబడనిది ఒక్కటి గలదు. ఆ యింటి మూలదస్తావేజు ఆ యింట లేదు. బ్యాంకువారి యినుప బీరువాలో నున్నది. గుమ్మమునకు పసుపు పూసిన యిల్లాలికి ఆ గుమ్మము ఇరువదియేండ్లపాటు పరాధీనమని తెలియదు. తెలిసినను, ఎంత మొత్తమునకు, ఏ వడ్డీకి, ఎన్ని నెలలకు అన్నది తెలియదు. తెలియజెప్పినవాడు లేడు.

ఊరి గ్రంథాలయమున పత్రికలు తిరుగవేయుచు కూర్చుండు పెద్దలలో ఈ యింటియప్పు విషయమై రెండు మతములవారు కనబడుదురు. మొదటివాడు గణితపండితుడు. "ఇంటియప్పు అన్నిటికంటె చౌకయప్పు. దానిని గడువునకు ముందే తీర్చువాడు తెలివిమాలినవాడు. చేత మిగిలిన సొమ్మును షేర్లలో పెట్టుము, అప్పు తన దారిని తాను నడుచును" అని యుపదేశించును. రెండవవాడు వ్రతనిష్ఠ గలవాడు. "అప్పు నిప్పు. పస్తుండియైనను ముందు దానిని తీర్పుము" అనును, తాను పస్తుండుట లేదు గాని యింటివారిని పస్తుంచుచున్నాడు. మొదటివానితో మాకు వాదము. రెండవవానితో మాకు జగడము. తనఖాను గడువునకు ముందే విడిపించుకొనుట గృహస్థునకు హక్కు, ధర్మము కూడ. కాని ఆ సొమ్ము రావలసినది వంటయింటినుండి కాదని మా పక్షము.

ముందు లెక్క చూతము. లెక్కయనగానే పత్రిక మడిచి ప్రక్కనుంచు చదువరులను మే మెరుగుదుము. వారు కొంచెము ఓపిక పట్టవలెను. వారి ఇరువదియేండ్ల కష్టార్జితమునకు ఇది జాతకచక్రము.

ఒక గృహస్థుడు 25 లక్షల రూపాయలు, నూటికి సాలునకు ఎనిమిదిన్నర వడ్డీకి, 20 సంవత్సరముల గడువునకు తెచ్చెననుకొందము. మన పల్లెల పరిభాషలో ఇది నూటికి నెలకు 71 పైసల వడ్డీ. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అలవాటుపడిన మన చెవికి ఇది ధర్మవడ్డీవలె వినబడును. అందుచేతనే మనము మోసపోవుచున్నాము. వడ్డీ చౌకయే, గడువు చౌక కాదు. ఈఎంఐ అని అందరును పిలుచు నెలవాయిదా 21,696 రూపాయలగును. మొదటినెల కట్టిన ఆ సొమ్ములో 17,708 రూపాయలు వడ్డీ క్రింద పోవును. అసలునకు చేరునది 3,988 మాత్రమే. అయిదేండ్లు ఒక్కనెలయు తప్పక కట్టినవాడు 13 లక్షలకు పైగా చెల్లించును. అప్పటికి అసలులో తగ్గినది 3 లక్షలైనను కాదు. 22 లక్షల 3 వేల చిల్లర ఇంకను నిలిచియుండును. అయిదేండ్ల తరువాత ఆ పద్దు చూచి, బ్యాంకు గుమాస్తా తప్పు వ్రాసెనని కలహించినవారిని మే మెరుగుదుము. గుమాస్తా తప్పు వ్రాయలేదు. లెక్కయే అట్టిది.

గడువంతయు కట్టినవాడు చెల్లించునది 52 లక్షల 7 వేలు. తెచ్చిన దానికి రెండింతలు దాటినది.

ఇప్పుడు రెండవ మాట. ఈ గృహస్థుడే మొదటి సంవత్సరాంతమున ఎట్లో ఒక లక్ష రూపాయలు కూడబెట్టి అదనముగా జమచేసి, నెలవాయిదా తగ్గింపక గడువు తగ్గింపుమని కోరెనా, వాని గడువులో 21 వాయిదాలు ఎగిరిపోవును. అనగా లక్షకు 4 లక్షల 60 వేల పైచిలుకు వాయిదాలు తప్పును. అదే లక్షను 15వ యేట జమచేసినచో తప్పునవి ఏడు వాయిదాలైనను కావు. మొదటినుండి నెలకు రెండువేలు అదనముగా కట్టినవానికి 45 నెలల ముందే ఋణవిముక్తి కలుగును. వడ్డీలో 5 లక్షల 89 వేలు మిగులును. ఉద్యోగవిరమణనాడు వచ్చు గ్రాట్యుటీతో ఒక్కసారిగా తీర్చివేయుదమని మీసము దువ్వుకొనువారు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొందురుగాక. అప్పటికి బ్యాంకువారు తమ వడ్డీలో సింహభాగమును ఎప్పుడో భుజించి చేయి కడుగుకొనియుందురు.

ఇంతకంటె గూఢమైన సంగతి మరియొకటి గలదు. మన యిండ్లయప్పులలో అనేకము మారుచుండు వడ్డీపై నున్నవి. 2022 మే నెలకు పూర్వము రిజర్వుబ్యాంకువారి రెపోరేటు 4 శాతముండెను. 2023 ఫిబ్రవరి నాటికి అది 6.50కి ఎక్కెను. తొమ్మిది నెలలలో రెండున్నర పాళ్లు! ఆరుముప్పాతిక వడ్డీకి, 20 ఏండ్లకు, 25 లక్షలు తెచ్చినవాని నెలవాయిదా 19,009 రూపాయలు. నిలువ తగ్గకముందే ఆ వడ్డీ తొమ్మిదింబావు అయినచో నెలవడ్డీయే 19,271 రూపాయలగును. వాయిదా మొత్తము కట్టినను వడ్డీయైనను తీరదు! అట్టి పెంపు వచ్చినపుడు బ్యాంకులు సాధారణముగ చేసిన పని యేమి? వాయిదా మార్చలేదు, గడువు పొడిగించినవి. జీతమునుండి పోవు సొమ్ము మారలేదు గనుక గృహస్థుడు గమనింపలేదు. యాభైయెనిమిదవ యేట తీరవలసిన యప్పు అరువదియైదవ యేటికి ప్రాకిన సంగతి వానికి చెప్పిన దెవరు? ఒక చరవాణి సందేశము వచ్చియుండును. దానిని పండుగ శుభాకాంక్షల నడుమ తుడిచివేసియుండును.

ఈ చోద్యమును ఎరిగియే రిజర్వుబ్యాంకువారు 2023 ఆగస్టులో ఉత్తరువు చేసిరి. వడ్డీ మారినపుడు వాయిదా పెంచుటయో, గడువు పొడిగించుటయో, రెండునుగూడి చేయుటయో, స్థిరవడ్డీకి మారుటయో, లేక కొంత గాని అంతయు గాని ముందుగా చెల్లించుటయో, ఋణగ్రస్తుని యిష్టమునకు విడువవలెననియు, గడువు పొడిగింపువలన అప్పు తరుగుటకు మారుగా పెరుగరాదనియు అందు గలదు. 2025లో రెపోరేటు మరల దిగి జూన్ నాటికి 5.50కి వచ్చెను. ఎక్కునాడు పొడిగిన గడువు దిగునాడు తనంతట తానే కుంచించుకొనెనా? మీ పద్దు తెప్పించి చూచుకొనుడు. అడిగినవానికి హక్కు, అడుగనివానికి అలవాటు.

హక్కన్నాము. ఈ హక్కు ఆకాశమునుండి ఊడిపడలేదు. మన ప్రాంతమున అప్పునకు బలియైనవారిలో పూరిగుడిసెవాడు మొదలు రాజువరకు గలరు. విజయనగర సంస్థానము కుంఫిణీవారికి కట్టవలసిన పేష్కషు బాకీల తగవు ముదిరి, 1794 జూలై 10వ తేదీన పద్మనాభముకడ చిన విజయరామరాజు ప్రాణములే పోయెను. ఆయన కుమారుడు నారాయణ గజపతి అప్పులపాలై సంస్థానమును కలెక్టరు పాలనకు విడిచి 1827లో కాశీకేగి, 1845లో అక్కడనే గతించెను. రాజులకే కాశీవాసము తప్పనిచోట రైతు మాట చెప్పనేల? 1882 నాటి ఆస్తిబదిలీచట్టము తనఖా పెట్టినవానికి విడిపించుకొను హక్కు నిచ్చినది. కాని అసలు చెల్లించు గడువు వచ్చిన పిమ్మటనే. అంతకుముందు సొమ్ము తెచ్చి అరుగుమీద పెట్టినను, సాహుకారు వలదన్నచో వలదన్నమాటే. భోగ్యపు తనఖాలో పొలముననుభవించుచున్నవానికి గడువు తీరకుండుటయే లాభము గదా!

కొండలలోని కథ ఇంకను ఘోరము. నూటికి సాలునకు 24కు మించి వడ్డీ కూడదనియు, చక్రవడ్డీ పనికిరాదనియు, వడ్డీ మొత్తము అసలును మించరాదనియు 1917లోనే ఏజెన్సీ ప్రాంతమునకు చట్టము చేసిరి. చట్టము కాగితమున నుండెను; సవరల, జాతాపుల భూములు సాహుకారుల చేతనుండెను. పార్వతీపురము ఏజెన్సీలో 1960ల దశకమున రగిలిన గిరిజన పోరాటమునకు తాకట్టుపోయిన భూములు ఒక ప్రధానకారణమని వేరుగ చెప్పనక్కరలేదు. మైదానపు రైతునకు 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చేసిన వ్యవసాయదారుల ఋణవిమోచనచట్టము కొంత ఊపిరినిచ్చినది. 1932 అక్టోబరు 1కి పూర్వపు ఋణములపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయ్యెను. అసలునకు రెండింతలు అప్పటికే చెల్లించియున్నచో ఆ ఋణము సమసినట్లే యయ్యెను. ఆ చట్టము నేటి యింటియప్పుకు వర్తింపదు. వర్తింపవలెనని మేము కోరుటయు లేదు. కాని ఒక్క పోలిక చూడుడు. పైన చెప్పిన మన గృహస్థుడు 231వ వాయిదా కట్టునప్పటికి అసలునకు రెండింతలు దాటును. ఆనాటి శాసనకర్తలు చాలునన్న హద్దును దాటిన తరువాత కూడ ఇంకను తొమ్మిది వాయిదాలు మిగిలియుండును.

గడువునకు ముందు వచ్చిన సొమ్మును వలదనుట, లేదా దానిపై జరిమానా విధించుట, బ్యాంకులకును చిరకాలము అలవాటే. అప్పు ఉంచుకొన్నవానికి వడ్డీ, తీర్చుకొన్నవానికి జరిమానా! 2012 జూన్‌లో రిజర్వుబ్యాంకువారు మారుచుండు వడ్డీగల యింటియప్పులపై బ్యాంకులు ఆ జరిమానాను వసూలుచేయరాదని నిషేధించిరి. 2025 జూలైలో చేసిన నిబంధనలు 2026 జనవరి 1 నుండి మంజూరైన, పునరుద్ధరింపబడిన ఋణములకు ఈ రక్షణను మరింత విస్తరించినవి. సొమ్ము ఎచటనుండి తెచ్చితివని అడుగరాదు; ఇన్నినెలలు ఆగి తీర్పుమనరాదు. స్థిరవడ్డీ ఋణము గలవారు మాత్రము తమ ఒప్పందపత్రమును చదువుకొనవలెను. 1882లో గడువు తీరినవానికే లభించిన హక్కు, నూటముప్పదియేండ్లకు, గడువు తీరనివానికిని లభించినది. అట్టిదానిని వాడుకొనక, "అప్పు చౌక" యని తిరుగువానిని ఏమందుము?

ఇక గణితపండితునికి ప్రత్యుత్తరము. ఆయన మాటలో నిజము లేదనము. షేర్లవలన కొందరు బాగుపడిరి. కాని ఆయన తన లెక్కలో ఒక గడిని ఖాళీగా విడిచినాడు. షేరు పెరుగవచ్చును, పెరుగకపోవచ్చును. ఇంటియప్పులో తగ్గిన ఎనిమిదిన్నర వడ్డీ తగ్గినట్లే, దానిపై ఆదాయపుపన్నైనను లేదు. బ్యాంకున డిపాజిటు పెట్టి అదే బ్యాంకునకు అప్పు కట్టుచుండువారు మనలో నెందరో గలరు. డిపాజిటుపై వచ్చు వడ్డీ తక్కువ, దానిపై పన్ను వేరు. అప్పుపై పోవు వడ్డీ ఎక్కువ. తన సొమ్మును తానే తక్కువకిచ్చి ఎక్కువకు తెచ్చుకొను ఈ వర్తకమును కోమటింట పుట్టిన పిల్లవాడైనను చేయడు. పన్ను మినహాయింపు పోవునందురా? పాత విధానమున సంవత్సరమునకు రెండు లక్షల వడ్డీవరకు ఆ మినహాయింపు గలదు; 2020 బడ్జెటుతో వచ్చిన కొత్త విధానమున సొంతముగ నివసించు ఇంటికి అది లేదు. ఉన్నను, రూపాయి వడ్డీ కట్టి ఇరువది, ముప్పది పైసల పన్ను తప్పించుకొనుట లాభమనువానికి లెక్క నేర్పుట మా తరము కాదు.

అయినను ఆయనకు ఒక్కచోట లోబడుదుము. అన్ని అప్పులలో ఇంటియప్పు చౌక యగుట నిజమే గనుక, దానికంటె కరకు అప్పులున్నవాడు ముందు వానినే తీర్పవలెను. క్రెడిట్ కార్డు నిలువపై నూటికి నెలకు మూడు రూపాయలకు మించి వడ్డీ పడుచుండగా, ఇంటియప్పునకు అదనముగ కట్టువాడు ఇల్లు కాలుచుండగా పెరటిచెట్టునకు నీరు పోసినవాడు. కుదువబెట్టిన బంగారము, చేబదులు, పర్సనల్ లోను, ఇవి ముందు, ఇల్లు తరువాత.

ఇక జగడము.

విజయనగరమున మే మెరిగిన ఒక ఉపాధ్యాయుడు గలడు. పేరేల? అట్టివారు ప్రతివీధినుండి ఒక్కడైనను గలడు. ఇల్లు కట్టెను, అప్పు తెచ్చెను, రెండేండ్లకు పైన చెప్పిన లెక్క యెవరో చూపగా గుండె ఝల్లుమన్నది. వెంటనే దీక్ష పట్టెను. లీటరు పాలు అరలీటరైనవి. కుమార్తె గణితపు ట్యూషను ఆగిపోయినది. పత్రిక మానివేసెను, దానిని మేము క్షమింతుము. తల్లిగారి రక్తపుపోటు మాత్ర దినము విడిచి దినమునకు వచ్చినది. వంటయింట ఏ డబ్బా మూత తీసినను ఆయన కన్ను దానిపైనే. కాని ఆ సంవత్సరమే ఆయన అన్నగారి కుమార్తె పెండ్లిలో తులము బంగారు గొలుసు చదివించెను. చదివింపకున్న నలుగురిలో తల యెత్తుకొనుట యెట్లు? తన కుమార్తె ఓణీల వేడుకను కల్యాణమండపమున ఆరువందల విస్తళ్లతో నడిపించెను. వీడియో తీయించెను. ఆ పిల్ల ట్యూషను ఖర్చు వీడియో ఖర్చులో పదవవంతైనను కాదు. సాలునకు తనఖాపై అదనముగ జమచేసినది తొంబదివేలు. ఆ వేసవిలో తల్లిగారు పక్షవాతముతో ఆసుపత్రి పాలైరి. చేత రొక్కము లేదు. జమచేసిన సొమ్మును తిరిగి యిమ్మన్న బ్యాంకువా రిత్తురా? పద్నాలుగు శాతపు వడ్డీకి రెండు లక్షలు తెచ్చెను. ఎనిమిదిన్నర వడ్డీయప్పు తీర్చుటకు పద్నాలుగు వడ్డీయప్పు తెచ్చుకొన్న ఈ గృహస్థుని ఊరంతయు పొదుపరియని కొనియాడినది!

గురజాడవారి లుబ్ధావధాన్లను చూచి నవ్విన ఊరు మనది. నాటకశాలలో నవ్వినవారమే యింటికి వచ్చి ఆ వేషమును మనమే కట్టుచున్నాము.

కుటుంబపు ఖర్చును తగ్గింపుడని ఎవరైన చెప్పినపుడు మగవారి చూపు ముందుగ వంటయింటిపై బడుట ఏమి న్యాయము? ఆ ఖర్చు దినదినము కంటికి కనబడును గనుకనా? అడుగువారు లేనిచోట కోయుట సులభము గనుకనా? ఒక సంవత్సరపు పద్దును నిజాయితీగా వ్రాసి చూడుడు. పప్పు, పాలు, కూరగాయలలో ఎంత బిగించినను నెలకు వెయ్యియో, పదునైదువందలో మిగులును. దానికి బదులుగ పిల్లలకు బలహీనతయు, ముసలివారికి రోగమును వచ్చును. అదే పద్దులో ఓణీలు, పంచెలు, సారె కావిళ్లు, చదివింపులు, క్రొత్త అల్లుని సంక్రాంతి, పాతది నడుచుచుండగనే కొన్న క్రొత్త చరవాణి, పొరుగువాడు కొన్నాడని కొన్న కారు, ఆ కారుపై మరల అప్పు, ఇవి వేలలో కాదు, లక్షలలో తేలును. ఒక్క వేడుకను పెరటిలో పందిరి వేసి వందమందితో జరుపుకొన్నచో, మిగిలిన సొమ్ముతో ఇంటి గడువులో ఒక యేడాదికి పైగా కోసివేయవచ్చును. సిరిమాను సంబరమునకు వచ్చిన చుట్టములకు వండి వడ్డించుట ఆడంబరమని మేమనము. అది మన ఊరి మర్యాద, అది నిలువవలెను. కాని సారెలో నూటొక్క రకముల మిఠాయిలు పంపి, అవి వీధివీధికి పంచగా మిగిలి బూజుపట్టి పారవేయుట మర్యాద యెట్లగును? "మావారు ఒప్పుకొనరు" అని ఆడువారును, "ఆడువారు వినరు" అని మగవారును ఒకరిపై ఒకరు త్రోసికొనుచుండగా తనఖా వడ్డీ మాత్రము ఎవరినీ త్రోసికొనక నెలనెలకు నడచివచ్చుచునే యున్నది.

ఇందులో మాకు మిక్కిలి ఆశ్చర్యమైన విషయమును చెప్పెదము. మన పల్లెలలో, పేటలలో డ్వాక్రా సంఘములున్నవి. ఆ స్త్రీలు నెలనెలా కూడి, పొదుపు ఎంత, అప్పు ఎంత, ఎవరు కట్టిరి, ఎవరు కట్టలేదు, వడ్డీ ఎంత యని పుస్తకమున వ్రాసి బ్యాంకుతో లావాదేవీలు నడపుచున్నారు. పదిమంది యప్పునకు పూచీపడి లెక్క తప్పక తీర్చుచున్న ఆ గృహిణికి, తన సొంతయింటి తనఖా కాగితమును చూపుటకు భర్తకు చేతులు రావు! సంఘపుటప్పు ఆమె యెరుగును; ఇంటియప్పు ఆమె యెరుగదు. ఎరుగకున్నను దానిని తీర్చు భారము మాత్రము ఆమె పోపులపెట్టెపై బడినది. పన్ను వేయువాడొకడు, పద్దు చూడరానివా రొకరు అగుట అన్యాయమని కదా ఈ దేశము ఒకప్పుడు పరపాలకులతో వాదించినది. ఆ వాదము మన గుమ్మము దాటి లోనికి రాలేదు.

కావున మా కోరిక యిది. నెలలో ఒకనాడు బ్యాంకు పద్దును చాపమీద పరచి, భార్యాభర్తలిద్దరును కూర్చుండి చూడవలెను. నిలువ యెంత, వడ్డీ శాతమెంత, గడువు ఏ నెలతో తీరును, పోయిన నెల చెప్పిన నెలయేనా? అప్పుడు కోయవలసిన ఖర్చు ఏదో నిర్ణయించు అధికారము, ఆ కోతను అనుభవించువారికి సగమైన నుండవలెను. అట్లు కూర్చున్న యింట తల్లి మాత్రలు ఆగవు, వీడియో ఆగును.

ముందుగ తీర్చుటకు పూనుకొనువారు మరచిపోరానిది చేతి రొక్కము. మనది తుపానుల తీరము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ రాత్రి తెల్లవారునప్పటికి ఉద్దానమున తరతరముల కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి. కొబ్బరిచెట్టు మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. బ్యాంకు వాయిదా నెల తిరుగగనే వచ్చును. అదే ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని సంసారములను పిప్పిచేసినదో చెప్పనక్కరలేదు. వైద్యము ఉచితమైనను ప్రయాణము, పథ్యము, పోయిన కూలి ఉచితములు కావు. విజయనగరమున జనపనార మిల్లులు మూతబడిన నాడు కార్మికుల జీతమాగినది గాని కిరాణాకొట్టు పద్దు ఆగలేదు. కావున ఆరునెలల యింటిఖర్చును, ఆరు వాయిదాలను ముందు వేరుగ నుంచి, ఆపై మిగిలినదే తనఖాకు కట్టవలెను. ఇంటియప్పునే ఓవర్‌డ్రాఫ్టు ఖాతాగ ఇచ్చు బ్యాంకులు కొన్ని గలవు. అందు జమచేసిన అదనపు సొమ్మును అవసరమునాడు తిరిగి తీసికొనవచ్చును. వడ్డీ కొంచెమెక్కువ యుండవచ్చును. తోటలపైనను, పడవలపైనను, దినకూలిపైనను బ్రతుకువారికి ఆ కొంచెము ఇచ్చుకొనుట తప్పు కాదు.

మిగిలినది యెచటనుండి వచ్చును? ఉద్యోగికి కరువుభత్యపు బకాయి వచ్చును, బోనసు వచ్చును, చీటీ పాట వచ్చును, హైదరాబాదునుండియో, గల్ఫునుండియో కొడుకు పంపును. రావలసిన దానికంటె ఎక్కువగ వచ్చిన రూపాయికి ఇంట ఇంకను అలవాటు పడలేదు గనుక దానిని తనఖాకు మళ్లించుట సులభము. జీతము పెరిగిన నెలనే వాయిదాను కొంత పెంచుకొన్నచో పెరిగిన జీతము కంటబడకమునుపే పని జరిగిపోవును. అదనముగ కట్టునపుడు "వాయిదా మార్పవలదు, గడువు తగ్గింపుడు" అని వ్రాతమూలకముగ ఇచ్చి, క్రొత్త పట్టిక తీసికొనవలెను. నోటిమాట చాలదు. కౌంటరువద్ద మందహాసముతో తల యూపిన గుమాస్తా మరుసటి నెలకు బదిలీయై పోవును.

ఋణము తీర్పక పోవుటకును మేము భయపడుదుము. శ్రీకాకుళపు మాష్టారు కాళీపట్నం రామారావుగారు 1960ల దశకమున వ్రాసిన "యజ్ఞం" కథ చదువని చదువరి ఈ ప్రాంతమున ఉండడు. తండ్రి యప్పునకు పంచాయతి తీర్పు చెప్పగా, ఆ బానిసత్వము తన బిడ్డకును సంక్రమించునన్న భయముతో కొడుకు చేసిన పని తలచుకొన్న నేటికిని ఒడలు జలదరించును. ఆ కథ వ్రాసిన మాష్టారే 1997లో అదే శ్రీకాకుళమున కథానిలయము నెలకొల్పిరి; అక్కడ కూర్చుండి దానిని చదివినవారిలో ఇంటియప్పు గలవారును ఉండక తప్పదు. నేటి బ్యాంకు ఆనాటి పెత్తందారు కాదు, నిజమే. కాని అరువదియైదవ యేటికి ప్రాకిన వాయిదా ఎవరి జీతమునుండి పోవును? పింఛను చాలనిచో కొడుకు జీతమునుండియే కదా!

కడపటి సంగతి దస్తావేజులది. అప్పు తీరిన 30 దినములలోగా మూలదస్తావేజులను తిరిగి యిచ్చి, రిజిస్ట్రారు కచేరిలో నమోదైన తనఖాను తొలగింపవలెననియు, బ్యాంకు తప్పిదముచే ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారమీయవలెననియు 2023 సెప్టెంబరులో రిజర్వుబ్యాంకువారు ఆజ్ఞాపించిరి; అది 2023 డిసెంబరు 1 నుండి అమలునకు వచ్చినది. ఋణగ్రస్తుడు మరణించినచో వారసులకు ఆ పత్రములను ఇచ్చు పద్ధతిని బ్యాంకులు ముందే ప్రకటించియుంచవలెను. నాలుగేండ్ల క్రిందట మా వీధిలో ఒకాయన హఠాత్తుగ పోయెను. పండ్రెండవనాటి తరువాత ఆయన భార్య ఇనుపపెట్టె తెరచి, ఇంటి కాగితములేవని మమ్మే అడిగినది. అవి బ్యాంకులో నున్నవని, అప్పునకు భీమా కూడ కట్టియున్నాడని, ఆ భీమాసొమ్ముతో అప్పు తీరునని ఆమెకు చెప్పినవారు పరాయివారమైన మేము. అప్పటికి మూడు వాయిదాలను ఆమె తన గాజులు కుదువబెట్టి కట్టినది.